వార్డులో చేరిన పేషెంట్‌కి మందు అలవాటుందని మొదటి రోజే ఎలా కనిపెట్టాలి, తర్వాత ఏం చేయాలి

బెంగళూరు హాస్పిటల్స్‌లో కొత్తగా చేరిన మన తెలుగు స్టాఫ్ నర్సులు, హౌస్ సర్జన్లు, డ్యూటీ డాక్టర్ల కోసం ఇది రాస్తున్నా. మదనపల్లె, హిందూపురం, కదిరి, పలమనేరు వైపు నుంచి పేషెంట్లు ఇక్కడికి వస్తూనే ఉంటారు, వాళ్ళకి కన్నడ రాదు, ఇంగ్లీష్ రాదు, తెలుగు మాట్లాడే సిస్టర్ కనపడగానే ప్రాణం లేచొస్తుంది, అందుకే వాళ్ళ నోటి నుంచి అసలు సంగతి రాబట్టగలిగేది చాలాసార్లు మీరే. చేరేది కాలు విరిగిందనో, హెర్నియా అనో, కడుపునొప్పి అనో. రెండ్రోజులు నెమ్మదిగా పడుకునుంటాడు, మూడో రాత్రి రెండింటికి లేచి కూర్చుని దుప్పటి మీద లేని పురుగుల్ని ఏరుతుంటాడు, ఐవీ లైన్ పీకేస్తాడు, బస్సు టైమైంది నేను పోవాలంటాడు. అప్పుడు అందరూ పరిగెడతారు, మత్తు దిగలేదేమో అంటారు, ఐసీయూ సైకోసిస్ అంటారు, ఇది మందు ఆగిపోవడం వల్ల వచ్చిన డెలీరియం (మనసు తికమకపడి లేనివి కనపడే స్థితి) అని తేలేసరికి తెల్లారిపోతుంది. ఇది ప్రాణం తీసే జబ్బు. కానీ అడ్మిషన్ రోజే తెలిస్తే చాలామందిలో అక్కడిదాకా రానివ్వకుండా ఆపొచ్చు.

ముందు అడగడం నేర్చుకోండి

"ఆల్కహాల్ హ్యాబిట్ ఉందా?" అని పక్కన భార్య, బావమరిది, కూతురు నిలబడి ఉండగా అడిగితే లేదనే చెప్తాడు, ఎవరైనా అంతే. కేస్ షీట్‌లో "నో హ్యాబిట్స్" అని పడిపోతుంది, ఇక ఆ తర్వాత వచ్చిన ప్రతి డాక్టరూ అదే కాపీ చేస్తాడు. అటెండర్లని బిల్లింగ్‌కో ఫార్మసీకో పంపి, కర్టెన్ లాగి, బీపీ చూస్తూ మాటల్లో పెట్టి అడగండి. చిన్నదాంతో మొదలుపెట్టండి. "అన్నా, బీడీ సిగరెట్ ఏమైనా ఉందా? హాన్స్, గుట్కా? సరే, సాయంత్రం పూట మందు ఎంత పడుతుంది, హాఫ్ పడుతుందా?" అని మామూలుగా, అన్నం తిన్నారా అన్నంత తేలిగ్గా. ఎక్కువ చెప్పి అడిగితే ఆయనే సర్దుతాడు, "ఛ ఛ హాఫ్ ఎక్కడమ్మా, క్వార్టరే" అని. మీకు కావాల్సింది దొరికింది. పెద్దవాళ్ళయితే పెద్దాయనా, నాయనా అని పిలిచి అడగండి, గొంతులో కోర్టు విచారణ వినపడకూడదు.

ఎందుకడుగుతున్నారో కూడా చెప్పండి. "రేపు ఆపరేషన్‌కి మత్తిస్తారు, మందు ఉన్నట్టుండి ఆగిపోతే ఫిట్స్ రావచ్చు, రాకుండా ముందే ఇంజెక్షన్ వేస్తాం, అందుకే, ఇంకెవరికీ చెప్పడానికి కాదు" అంటే సగం మంది అక్కడే నోరు విప్పుతారు.

తర్వాత ఈ నాలుగూ తప్పకుండా తెలుసుకోండి: రోజుకి ఎంత, చివరిసారి ఏ రోజు ఎన్ని గంటలకి, పొద్దున లేవగానే చేతులు వణికి కొంచెం పడితేగానీ తగ్గదా, ఇంతకుముందు మానేసినప్పుడు ఫిట్స్ గానీ లేనివి కనపడటం గానీ జరిగిందా. నాలుగోదానికి అవునన్నాడంటే ఈసారి కూడా అలాగే వచ్చే అవకాశం బాగా ఎక్కువ, ఆ సంగతి కేస్ షీట్ పైనే రాసి డ్యూటీ డాక్టర్‌కి నోటితో కూడా చెప్పండి.

ఎంత తాగుతాడన్నది లెక్కలోకి మార్చుకోండి. మన దేశంలో ఒక స్టాండర్డ్ డ్రింక్ అంటే సుమారు 10 గ్రాముల ఆల్కహాల్, అంటే 30 ఎంఎల్ విస్కీ బ్రాందీ. ఆ లెక్కన కర్ణాటకలో అమ్మే 90 ఎంఎల్ ప్యాకెట్ మూడు డ్రింకులు, క్వార్టర్ ఆరు, 650 ఎంఎల్ స్ట్రాంగ్ బీర్ ఒక్కటే దాదాపు నాలుగు. "బీరే కదమ్మా" అనేవాళ్ళ మాట నమ్మి వదిలేయకండి, రోజుకి మూడు స్ట్రాంగ్ బీర్లంటే పన్నెండు డ్రింకులు. టైముంటే డబ్ల్యూహెచ్ఓ వాళ్ళ ఆడిట్ ప్రశ్నలు పది ఉంటాయి, 40కి స్కోర్, 8 నుంచి ప్రమాదం మొదలైనట్టు, 20 దాటితే డిపెండెన్స్ ఉందనుకుని సైకియాట్రీ వాళ్ళని పిలవాల్సిందే.

ఆడవాళ్ళని కూడా అడగండి. మన వార్డుల్లో ఈ ప్రశ్న ఆడవాళ్ళని అడిగేవాళ్ళే లేరు, అందుకే వాళ్ళలో వచ్చే డెలీరియం అందరికన్నా ఆలస్యంగా తెలుస్తుంది.

ఇంటివాళ్ళు చెప్పకపోవడానికి పరువు ఒక్కటే కారణం కాదు. చాలా ఇన్సూరెన్స్ పాలసీల్లో మందు, డ్రగ్స్ అలవాటుకి చేసే ట్రీట్మెంట్‌కి కవర్ లేదని ఒక క్లాజ్ ఉంటుంది, ఆ భయంతో కొడుకు కారిడార్‌లోకి పిలిచి "సిస్టర్ ప్లీజ్, ఫైల్లో మాత్రం రాయొద్దు" అంటాడు. వాళ్ళ కష్టం నిజమే, బిల్లు లక్షల్లో ఉంటుంది. అయినా రాయకపోతే రాత్రి డ్యూటీకి వచ్చే మనిషికి ఏమీ తెలియదు, ఆ రాత్రే పేషెంట్ పోవచ్చు, ఈ మాట కొడుక్కి నెమ్మదిగా చెప్పి ఉన్నది ఉన్నట్టే రాయండి. రాసేటప్పుడు "తాగుబోతు" అని అర్థమొచ్చే మాటలొద్దు, రోజుకి ఎంత, ఎన్నేళ్ళుగా, చివరి డ్రింక్ ఎప్పుడు, అంతే.

చెప్పకపోయినా కొన్ని ఆనవాళ్ళుంటాయి. బ్లడ్ రిపోర్ట్‌లో ఎంసీవీ ఎక్కువ, ప్లేట్‌లెట్స్ తక్కువ, జీజీటీ ఎక్కువ, ఎస్‌జీఓటీ ఎస్‌జీపీటీకి రెండింతలు ఉంటే ఇంకోసారి అడగండి. ఎక్స్‌రేలో పాత పక్కటెముకల ఫ్రాక్చర్లు కనపడినా అంతే. వీటిలో ఏ ఒక్కటీ రుజువు కాదు, మళ్ళీ అడగడానికి ఒక సాకు.

ఇక గడియారం చూడండి

చివరి డ్రింక్ టైము తెలిసిందంటే ముందు ఏం రాబోతుందో చాలావరకు చెప్పొచ్చు. 6 నుంచి 8 గంటల్లో చేతుల వణుకు, చెమట, వాంతులు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. ఫిట్స్ వస్తే ఎక్కువగా 6 నుంచి 48 గంటల లోపు. డెలీరియం ట్రెమెన్స్, అంటే ముందు చెప్పిన ఆ డెలీరియం, 48 నుంచి 96 గంటల మధ్య, అంటే ఆదివారం రాత్రి యాక్సిడెంట్ అయి చేరినవాడికి మంగళ బుధ గురువారాలు. ఆ టైముని డ్యూటీ మారేటప్పుడు హ్యాండోవర్‌లో చెప్పండి, "14వ బెడ్, చివరి డ్రింక్ ఆదివారం రాత్రి 9, ఈ రాత్రి జాగ్రత్త" అని. ఇది చెప్పడానికి పది సెకన్లు పట్టదు, నైట్ సిస్టర్‌కి ఇంతకన్నా పనికొచ్చే హ్యాండోవర్ ఇంకోటుండదు.

సీవా స్కోర్ వేయడం

మందు ఆగడం వల్ల వచ్చే లక్షణాలు ఎంత తీవ్రంగా ఉన్నాయో కొలిచే స్కోర్ ఇది. పది అంశాలుంటాయి, మొత్తం 67. కాగితం చూస్తే పెద్దగా అనిపిస్తుందిగానీ అలవాటైతే రెండు మూడు నిమిషాల పని. వణుకు చూడటానికి చేతులు ముందుకు చాపి వేళ్ళు విడదీయమనండి, కంటికి కనపడకపోతే మీ వేలి కొసలు ఆయన వేలి కొసలకి ఆనించి పట్టుకోండి, సన్నటి వణుకు చేతికి తెలుస్తుంది, అది ఒక మార్కు. అరచేయి తడిగా ఉందా, ఏసీ వార్డులో కూడా నుదుటి మీద చెమట బొట్లున్నాయా చూడండి. ఒంటి మీద ఏదైనా పాకుతున్నట్టుందా, లైటు కళ్ళల్లో గుచ్చుకుంటుందా, ఏమైనా కనపడుతున్నాయా అనేది తెలుగులో అడగండి. రోజు, ఊరు, ఏ హాస్పిటల్ అనేది కూడా తెలుగులోనే, భాష అర్థం కాక చెప్పలేకపోతే కన్ఫ్యూజన్ కింద రాసేసే ప్రమాదముంది.

8 లోపు అయితే మామూలుగా చూస్తూ ఉండటం, 8 నుంచి 15 అయితే మాత్ర ఇవ్వాల్సిన స్థాయి, 15 దాటితే సీరియస్. హాస్పిటల్‌ని బట్టి ఈ అంకెలు కొంచెం మారతాయి, మీ దగ్గర ఉన్న ప్రోటోకాల్ ఫాలో అవ్వండి. స్కోర్ ఎక్కువున్నప్పుడు గంట రెండు గంటలకోసారి, తగ్గాక నాలుగు నుంచి ఎనిమిది గంటలకోసారి మళ్ళీ వేయాలి. ఒక్కటి గుర్తుంచుకోండి, ఈ స్కోర్ మాట్లాడగలిగే పేషెంట్ కోసం. వెంటిలేటర్ మీద ఉన్నవాడికి, పూర్తిగా డెలీరియంలోకి వెళ్ళిపోయినవాడికి ఇది సరిపోదు.

ఇంకా ముఖ్యమైనది, వణుకు కనపడగానే మందు ఆగడం వల్లే అని తీర్మానం చేసేయకండి. గ్లూకోమీటర్ పెట్టండి, షుగర్ పడిపోయినా చెమట, వణుకు ఇలాగే ఉంటాయి. తాగేవాళ్ళు పడతారు, తలకి దెబ్బ తగిలి లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, కాబట్టి ఒక పక్క చేయి కాలు బలహీనంగా ఉన్నా, ప్యూపిల్స్ (కంటిపాపలు) తేడాగా ఉన్నా, మగతగా పడి ఉన్నా సీటీ గురించి డాక్టర్‌ని అడగండి. సోడియం, ఇన్ఫెక్షన్, లివర్ ఫెయిల్యూర్ కూడా చూడాలి.

ట్రీట్మెంట్

డోస్ డాక్టర్ రాస్తారు, కానీ ఏది ఎందుకో మీకు తెలిసుండాలి. పని చేసేవి బెంజోడయజిపీన్లు అనే రకం మత్తు మందులు. లివర్ బాగున్నవాళ్ళకి క్లోర్‌డయజిపాక్సైడ్ లేదా డయజిపామ్, లివర్ చెడిపోయినవాళ్ళకి, ముసలివాళ్ళకి లోరజిపామ్. ప్రతి డోస్‌కి ముందు ఊపిరి ఎన్నిసార్లు తీసుకుంటున్నాడు, సాచురేషన్ ఎంత, పిలిస్తే పలుకుతున్నాడా చూసి ఇవ్వాలి. ఇంకో తప్పు కూడా ఎక్కువే జరుగుతుంది, పేషెంట్ వణికిపోతుంటే భయపడి సగం డోస్ ఇచ్చి ఊరుకోవడం, తక్కువ ఇస్తే డెలీరియంలోకి జారిపోతాడు. హాలోపెరిడాల్ (సైకోసిస్‌కి వాడేది) ఒక్కటే ఇచ్చి పడుకోబెట్టొద్దు, అది ఫిట్స్ వచ్చే అవకాశాన్ని పెంచుతుంది, ఇవ్వాల్సొస్తే బెంజో కవర్ ఉండగానే. ఫిట్ వస్తే ఐవీ లోరజిపామ్. ఫెనిటాయిన్ ఈ రకం ఫిట్స్‌ని మళ్ళీ రాకుండా ఆపదు, ఎపిలెప్సీ వేరే ఉంటే తప్ప దాని అవసరం లేదు.

థయమిన్ (విటమిన్ బీ1) గురించి గట్టిగా చెప్తున్నా. ఏళ్ళ తరబడి తాగి సరిగ్గా తిననివాళ్ళలో బీ1 ఖాళీ అయిపోయి ఉంటుంది, అది లేకుండా డెక్స్ట్రోస్ ఎక్కిస్తే వెర్నికీ వచ్చే ప్రమాదం, అంటే కన్ఫ్యూజన్, తూలుతూ నడవడం, కళ్ళు పక్కకి తిరగకపోవడం. ఈ మూడూ కలిసి కనపడేది కొద్దిమందిలోనే, కాబట్టి మూడూ వచ్చేదాకా ఆగొద్దు, ఒక్కటి కనపడినా అనుమానించాలి. వదిలేస్తే జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవచ్చు, 45 ఏళ్ళ మనిషి సొంత కూతురి పెళ్ళి జరిగిందో లేదో చెప్పలేని స్థితికి వస్తాడు. వెర్నికీ అనుమానముంటే మామూలుగా రాసేది 500 ఎంజీ ఐవీ, రోజుకి మూడుసార్లు, 100 ఎంఎల్ సెలైన్‌లో కలిపి అరగంటలో. పసుపురంగు మల్టీవిటమిన్ ఆంప్యూల్ ఒకటి సెలైన్‌లో కలిపి ఎక్కించి థయమిన్ ఇచ్చేశాం అనుకుంటారు చాలామంది. ఆ ఆంప్యూల్ తీసి లేబుల్ మీద బీ1 ఎన్ని ఎంజీ ఉందో చదవండి, మీకే అర్థమవుతుంది. మాత్రలు కూడా సరిపోవు, తాగేవాళ్ళ పేగు వాటిని సరిగ్గా పీల్చుకోదు. షుగర్ బాగా పడిపోయి ఉంటే మాత్రం థయమిన్ కోసం ఆగకుండా గ్లూకోజ్ ఇచ్చేయండి, రెండూ ఒకేసారి నడవొచ్చు. మెగ్నీషియం, పొటాషియం పరీక్షకి రక్తం కూడా పంపించమనండి.

రాత్రిపూట గోల మొదలైతే సెక్యూరిటీని పిలిచి నలుగురు పట్టుకుని కట్టేయడం ఆఖరి మార్గం. ముందు ఒక లైటు వెలిగించి ఉంచండి, నీడలే పురుగుల్లా కనపడతాయి వాళ్ళకి. తెలిసిన మొహం ఒకటి పక్కన ఉండాలి, భార్యో తమ్ముడో. "నాయనా, ఇది బెంగళూరు ఆసుపత్రి, నీ కాలికి ఆపరేషనయింది, నేను సిస్టర్‌ని" అని ప్రతిసారీ మొదటిసారి చెప్తున్నట్టే చెప్పండి. వాదించొద్దు, పురుగులు లేవని గొడవపడొద్దు, "నాకు కనపడట్లేదుగానీ నీకు భయంగా ఉందని తెలుస్తుంది" అంటే చాలు. జ్వరం వచ్చినా, డోసులు ఇస్తున్నా స్కోర్ పెరుగుతూనే ఉన్నా, ఫిట్ వచ్చినా, మగతలోకి జారుతున్నా వెంటనే ఐసీయూకి చెప్పాలి, తెల్లారేదాకా చూద్దాం అనొద్దు.

తెలంగాణ వైపు నుంచి వచ్చినవాళ్ళు "మందు తాగను, కల్లే" అంటే ఇంకాస్త జాగ్రత్త. చాలాచోట్ల కల్లులో ఆల్‌ప్రజోలమ్, డయజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలుపుతారు, ఆయన మానేస్తున్నది కల్లు ఒక్కటే కాదు, తనకే తెలియని నిద్రమాత్రల్ని కూడా. అలాంటివాళ్ళలో విత్‌డ్రాయల్ (అలవాటైనది ఆగిపోతే వచ్చే లక్షణాలు) ఆలస్యంగా మొదలై ఎక్కువ రోజులు సాగొచ్చు.

మిగతా అలవాట్లు

పొగాకుని ఎవరూ పట్టించుకోరు కానీ, పేషెంట్ రెండో రోజే డిశ్చార్జ్ చేయమని గొడవపెట్టడానికి అది కూడా పెద్ద కారణమే. నికోటిన్ గమ్ 2 ఎంజీ, 4 ఎంజీ వస్తాయి, నిద్రలేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ పడాల్సినవాళ్ళకి 4. చూయింగ్ గమ్‌లా నమిలేస్తే కడుపులో మంట వస్తుంది, నాలుగుసార్లు నమిలి చురుక్కుమనగానే బుగ్గలో పెట్టి ఉంచాలి, మళ్ళీ నమలాలి, అరగంట. టీ కాఫీ తాగిన వెంటనే పెట్టుకోకూడదు.

ఓపియాయిడ్ రకం నొప్పి మాత్రలు, ఇంజెక్షన్లకి అలవాటు పడ్డవాళ్ళు కూడా కనపడతారు, ట్రమడాల్, టపెంటడాల్, పెంటజోసిన్, దగ్గు సిరప్‌లో కోడీన్. ఆవలింతలు, ముక్కు కారడం, గూస్ బంప్స్, విరేచనాలు, ప్యూపిల్స్ పెద్దవి కావడం కలిసి కనపడితే అవి ఆగిపోవడం వల్లేనని అనుమానించండి, సైకియాట్రీ వాళ్ళు కౌస్ స్కోర్ (ఓపియాయిడ్ విత్‌డ్రాయల్‌ని కొలిచేది) చూసి బ్యూప్రెనార్ఫిన్ మొదలుపెడతారు, విత్‌డ్రాయల్ సరిగ్గా మొదలవకముందే ఇస్తే ఒక్కసారిగా ముదిరిపోతుంది కాబట్టి తొందరపడొద్దు. ఇలాంటి పేషెంట్‌కి ఆపరేషన్ అయితే నొప్పి మందు ఇవ్వకుండా శిక్షించడం చాలా అన్యాయం, వాళ్ళకి మామూలుకన్నా ఎక్కువే పడుతుంది.

దానికి వ్యతిరేకంగా, ప్యూపిల్స్ చుక్కలా అయిపోయి ఊపిరి నిమిషానికి ఆరేడుకి పడిపోతే ఓవర్‌డోస్. ముందు ఆక్సిజన్, యాంబూ బ్యాగ్, తర్వాత ఓపియాయిడ్‌కి విరుగుడైన నాలోక్సోన్. 0.4 ఎంజీ ఆంప్యూల్‌ని 10 ఎంఎల్ చేసి ఒక్కో ఎంఎల్ ఇస్తూ ఊపిరి తెప్పించాలి, లేచి కూర్చోబెట్టడం లక్ష్యం కాదు. గంట గంటన్నరలో దాని పని అయిపోతుంది, చాలా ఓపియాయిడ్లు అంతకన్నా ఎక్కువసేపు ఉంటాయి, కాబట్టి లేచాడు కదా అని వార్డు మార్చేయకండి. నిద్రమాత్రలు ఏళ్ళుగా వేసుకునేవాళ్ళవి ఒక్కసారిగా ఆపొద్దు. గంజాయి వాళ్ళు ఆగని వాంతులతో వచ్చి, వేడినీళ్ళ స్నానం చేస్తేనే తగ్గుతుందంటే ఆ వాంతులు గంజాయివే కావచ్చు.

స్పృహ వచ్చాక మాట్లాడటం

నాలుగో రోజో ఐదో రోజో మనిషి తేరుకుని, గడ్డం గీసుకుని, జరిగింది తెలిసి తలదించుకుని కూర్చుంటాడు. రౌండ్స్‌లో పదిమంది ముందు "ఇంకా తాగితే చచ్చిపోతావ్" అని చెప్పి వెళ్ళిపోవడం అప్పుడే జరుగుతుంది, ఆయనకి ఆ మాట ఇంట్లో ఇరవై ఏళ్ళుగా వినపడుతూనే ఉంది. కుర్చీ లాక్కుని పక్కన కూర్చోండి, పది నిమిషాలు చాలు. "మందు వల్ల మీకు బాగున్నదేంటి, ఇబ్బందిగా ఉన్నదేంటి?" అని అడిగి వినండి. "మానేయాలని ఎంత ఉంది, పదిలో?" నాలుగు అంటే, ఎందుకంత తక్కువ అనకండి, "సున్నా ఎందుకు కాలేదు?" అనండి, అప్పుడు ఆయనే పిల్లల గురించో, అప్పు గురించో, ఇంతకుముందు ఆర్నెల్లు మానేసిన రోజుల గురించో చెప్తాడు. ఆ ఆర్నెల్లు ఎలా ఉండగలిగాడో అడగండి, ట్రీట్మెంట్ ప్లాన్ అక్కడే దొరుకుతుంది. చచ్చిపోవాలనిపించిందా అని కూడా సూటిగా అడగండి, ఈ జబ్బులో ఆ ప్రమాదం ఎక్కువ, అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు.

2019లో కేంద్రం బయటపెట్టిన ఎయిమ్స్ సర్వేలో, మందుకి డిపెండెంట్ అయినవాళ్ళలో 38 మందికి ఒక్కరికే ఏదో ఒక రకం సాయం అందిందని తేలింది. మిగతావాళ్ళు మన దగ్గరికే కాలు విరిగి, లివర్ వాచి వస్తారు, ఈ పది నిమిషాలు వాళ్ళకి మొదటిసారి దొరికిన పది నిమిషాలు కావచ్చు.

డిశ్చార్జ్

క్లోర్‌డయజిపాక్సైడ్ స్ట్రిప్పులు నెలకి సరిపడా ఇచ్చి పంపొద్దు, వీలైతే ఇక్కడే తగ్గించి ఆపేయాలి, లేదంటే కొద్దిరోజులకే ఇచ్చి ఇంటివాళ్ళ చేతిలో పెట్టాలి. కోరిక తగ్గించే మాత్రలున్నాయని పేషెంట్‌కి చెప్పండి, చాలామందికి ఆ సంగతే తెలియదు. నాల్ట్రెక్సోన్ ఉంది, ఓపియాయిడ్ వాడేవాళ్ళకి ఇవ్వకూడదు. అకాంప్రోసేట్‌కి కిడ్నీ చూడాలి. సిర్రోసిస్ ఉన్నవాళ్ళకి బ్యాక్లోఫెన్ వాడతారు.

డైసల్ఫిరామ్, అంటే వేసుకున్నాక మందు తాగితే ఒంటికి పడకుండా చేసే మాత్ర, దాని సంగతి ఇంటివాళ్ళకి విడిగా చెప్పాలి. "సాంబార్లో కలిపి తెలియకుండా పెట్టొచ్చా సిస్టర్" అని భార్యలు అడుగుతారు, ఆమె బాధ అర్థమవుతుంది, కానీ వద్దే వద్దు. అది కడుపులో ఉండగా తాగితే మొహం ఎర్రబడి, గుండె దడ, బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. పేషెంట్‌కి తెలిసి, ఒప్పుకుని, చివరి డ్రింక్ అయి కనీసం 12 గంటలు దాటాక, గుండె లివర్ చూసుకుని మాత్రమే.

తర్వాత ఎక్కడికి వెళ్ళాలో కాగితం మీద తెలుగులో రాసివ్వండి. బెంగళూరులోనే ఉండేవాళ్ళకి హోసూర్ రోడ్డు నిమ్హాన్స్‌లో సెంటర్ ఫర్ అడిక్షన్ మెడిసిన్ ఉంది. ఊరికి వెళ్ళేవాళ్ళకి దగ్గర్లో సైకియాట్రీ ఓపీ ఉన్న ప్రభుత్వ ఆసుపత్రి పేరు కనుక్కుని రాయండి. 14446 జాతీయ డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్, 14416 టెలీ మానస్, దాంట్లో తెలుగులో మాట్లాడొచ్చు, రెండూ ఫ్రీ. ఊళ్ళో ఎవరో చెప్పారని గదిలో పెట్టి తాళమేసే సెంటర్‌కి పంపేముందు, 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం కింద రిజిస్టర్ అయి ఉందా, డాక్టర్ ఉంటారా అని అడగమని ఇంటివాళ్ళకి చెప్పండి.

డిశ్చార్జ్ సమ్మరీలో ఫ్రాక్చర్‌తో పాటు ఆల్కహాల్ డిపెండెన్స్ అని, వచ్చిన విత్‌డ్రాయల్ ఎలాంటిది, ఫిట్స్ వచ్చాయా, ఏ మాత్రలతో పంపారు అనేది రాసేలా చూడండి, రేపు అనంతపురంలో ఏ క్యాజువాల్టీకి వెళ్ళినా అక్కడి డ్యూటీ డాక్టర్‌కి అదొక్కటే ఆధారం. అపాయింట్‌మెంట్ వారం లోపే ఉండాలి, కుట్లు విప్పడానికి ఎలాగూ వస్తాడు కాబట్టి సైకియాట్రీ ఓపీ కూడా అదే రోజుకి పెట్టించండి.